రథసప్తమి నుంచి ఉగాది దాకా: ఇంటి తోటలో వసంతకాలపు పనులు

రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టడం, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ కాయలు కోయడానికి పాదు దగ్గరికి వెళ్లినప్పుడే తోటలో ఋతువు మారిందని నాకు తెలుస్తుంది. పూత పలచబడి ఉంటుంది. తీగ చివళ్లకు పేనుబంక నల్లగా పట్టి ఉంటుంది. కింది ఆకులు ముట్టుకుంటే గలగలమంటాయి. ఆ రోజు నుంచి ఉగాదికి సుమారు యాభై మూడు, యాభై నాలుగు రోజులు. ఇంటి తోటకు ఏడాది మొత్తంలో అంత విలువైన రోజులు ఇంకోసారి రావు.

చలిదేశాల్లో వసంతం వచ్చిందంటే ముందున్నవి మంచి రోజులు. మన వసంతం వెనకాలే రోహిణి కార్తె నడిచొస్తుంది. అందుకే ఈ కాలంలో మనం చేసే పనంతా వేళ్ల కోసమే అనుకోండి. ఏప్రిల్ సగానికొచ్చేసరికి మొక్క వేళ్లు కుండీ అడుగుదాకా, పెరట్లో అయితే కనీసం జానెడు లోతుకి దిగి ఉండాలి. అలా దిగిన మొక్క మే నెలలో కూడా కాస్తుంది. దిగని మొక్కకి రోజుకి మూడుసార్లు నీళ్లు పోసినా మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. నేను ఉండేది హైదరాబాద్‌లో. మిద్దె మీద కుండీలు, పెయింట్ బకెట్లు, కింద ప్రహరీ పక్కన మూడడుగుల వెడల్పు నేల, ఇదీ నా తోట. రాయలసీమలో ఉన్నవాళ్లు నేను చెప్పే పనులన్నీ పది, పదిహేను రోజులు ముందుకి జరుపుకోండి. అక్కడ ఎండ ముందే ముదురుతుంది. కోస్తావాళ్లకి కాస్త వెసులుబాటు ఉంటుంది, కానీ ఉక్కపోత వల్ల తెగుళ్లు ఎక్కువ.

ముందు ఏం తీయాలి, ఏం ఉంచాలి

కొత్తవి వేయాలంటే చోటు కావాలి. కాస్తున్న మొక్కని పీకడానికి ఎవరికైనా చేతులు రావు, నాకూ అంతే. కానీ ఫిబ్రవరిలో నాలుగు కాయలకి ఆశపడితే ఎండాకాలపు పంట మొత్తం ఆలస్యమవుతుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ లాంటివి ఫిబ్రవరి రెండో వారానికల్లా కోసుకోండి. ఎండ పెరిగేకొద్దీ ముల్లంగి బెండుబారుతుంది, క్యారెట్ పీచు పడుతుంది. పాలకూర, మెంతికూర గబగబా పూతకి వచ్చేస్తాయి. ఇక ఆకు చేదెక్కుతుంది కాబట్టి తీసేయొచ్చు.

కొత్తిమీరని మాత్రం పూర్తిగా పీకొద్దు. ఒక కుండీ అయినా పూతకి వదలండి. ఆ తెల్లటి గొడుగుల్లాంటి పూల మీదికి తేనెటీగలు, అక్షింతల పురుగులు వస్తాయి. అక్షింతల పురుగు, దాని పిల్ల రెండూ పేనుబంకని తింటాయి. పిల్ల పురుగు నల్లగా, చిన్న మొసలిలా ఉంటుంది. చూసి చెడ్డదేమోనని చంపేసేవాళ్లు చాలామంది. అది మన పక్షం. చివర్లో గుప్పెడు ధనియాలు కూడా దక్కుతాయి.

చిక్కుడు పాదుని వేళ్లతో సహా లాగొద్దు. నేలకి సమంగా కోసేసి, వేళ్లని మట్టిలోనే వదిలేయండి. వాటి బుడిపెల్లో ఉన్న నత్రజని వేళ్లు చివికేకొద్దీ మట్టికే దక్కుతుంది. తర్వాత అక్కడ వేసిన బెండ ఎంత నల్లటి పచ్చగా లేస్తుందో చూడండి. పేనుబంక పట్టిన తీగల్ని కంపోస్టులో అడుగున వేసి పైన మట్టి కప్పితే చాలు.

పాత వంగ, మిరప మొక్కలు ఆరోగ్యంగా ఉంటే తీయనక్కర్లేదు. నేల నుంచి అడుగు ఎత్తు ఉంచి పైన కత్తిరించేయండి. గుప్పెడు వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే పిండి), రెండు గుప్పెళ్లు ఎరువు వేసి నీళ్లు పెడితే రెండు, మూడు వారాల్లో కొత్త చిగుళ్లు వస్తాయి. పాత వేళ్లు అప్పటికే లోతుగా ఉన్నాయి కదా, ఎండని బాగా తట్టుకుంటాయి. ఆకులు ముడుచుకుపోయి గిడసబారినవాటిని మాత్రం తీసేయాల్సిందే.

పీకిన వేరుని తిప్పి చూడండి

టమాటా, వంగ మొక్కల్ని పీకినప్పుడు మట్టి దులిపి వేళ్లు చూడండి. చాలామంది చూడకుండా పారేస్తారు. వేరు అక్కడక్కడ ఉబ్బి, దారానికి ముళ్లు వేసినట్టు, పూసలు గుచ్చినట్టు ఉంటే ఆ మట్టిలో నులిపురుగులు ఉన్నట్టు. చిక్కుడు, బొబ్బర్ల వేళ్లకి కూడా బుడిపెలు ఉంటాయి, కానీ అవి మంచివి. తేడా ఎలా తెలుస్తుందంటే, గోటితో గీకండి. మంచి బుడిపె వేరు నుంచి ఊడి చేతిలోకి వస్తుంది. నులిపురుగు ముడి ఊడదు, ఎందుకంటే అది వేరే ఉబ్బినది.

వేళ్లకి ఇలాంటి ముడులు కనిపించిన కుండీలో ఈ వేసవికి బెండ, దోస, కాకర వేయకండి. వీటికి నులిపురుగంటే అసలు పడదు. ఆ మట్టిని తడిపి, తెల్లటి పారదర్శక ప్లాస్టిక్ కవరు కప్పి, అంచులు గాలి పోకుండా బిగించి, ఎండలో ఐదారు వారాలు ఉంచండి. మన ఎండకి లోపలి మట్టి మాడిపోయేంత వేడెక్కుతుంది. నల్ల కవరు వేయకండి, దాని కింద మట్టి అంత వేడెక్కదు. తర్వాత ఆ మట్టిలో బంతి వేస్తే ఇంకా మంచిది.

మట్టిని మళ్లీ బతికించడం

నాలుగు నెలలు పంట పండించిన మట్టి గట్టిపడి ఉంటుంది. కుండీని బోర్లించి, మట్టిని పాత గోనె మీద పరిచి, మూడు నాలుగు రోజులు ఎండనివ్వండి. పాత వేళ్లు, తెల్లటి లావుపాటి వేరుపురుగులు కనిపిస్తే ఏరేయండి. వాటిని పక్కన పెడితే గోరింకలే వచ్చి తినేస్తాయి.

కలపాల్సిన పాళ్లు: మూడు పాళ్లు ఎండిన పాత మట్టికి ఒకటిన్నర పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, అర పాలు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు). పదిహేను అంగుళాల కుండీకి వంద గ్రాముల లెక్కన వేపపిండి, గుప్పెడు కట్టెల బూడిద. అంతా కలిపి, తడిపి, నీడలో పది రోజులు వదిలేయండి. వేపపిండి మట్టిలో కొంత కుళ్లాక గానీ విత్తనం పెట్టకూడదు.

ఎరువు చివికిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. తొలకరి పడ్డ మట్టి వాసన రావాలి. పేడ వాసన వస్తే ఇంకా కాలేదన్నట్టే. కుప్ప మధ్యలో చేయి పెడితే వెచ్చగా ఉండకూడదు. ఒక ఏడాది నాకు ఆలస్యమైపోయిందన్న టెన్షన్‌లో, సగం చివికిన ఎరువే కలిపేసి దోస గింజలు పెట్టాను. మొలకలు వచ్చాయి. రెండాకుల దశలో ఒక్కొక్కటే కాండం మొదట్లో వడిలి పడిపోయాయి. బకెట్లోకి వేలు పెట్టి చూస్తే మట్టి గోరువెచ్చగా ఉంది. పేడ లోపల ఇంకా మగ్గుతూనే ఉంది, లేత వేళ్లు ఆ వేడికి కాలిపోయాయి. పన్నెండు పాదుల్లో మిగిలినవి రెండు. అప్పటి నుంచి సంక్రాంతికే ఎరువు తెప్పించి, తడిపి, గోనె కప్పి ఉంచుతున్నాను.

మిద్దె మీద పెంచేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఘనపుటడుగు తడి మట్టి నలభై, నలభై ఐదు కిలోలు తూగుతుంది. పెద్ద డ్రమ్ములన్నీ గోడల మీదికి, దూలాల మీదికి వచ్చేలా సర్దండి. స్లాబు మధ్యలో పెట్టొద్దు.

విత్తడం

ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా మంచి సమయం. రాత్రి చలి తగ్గకముందే బెండ, కాకర గింజలు పెడితే మట్టిలో పడుకుని కుళ్లిపోతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దవాళ్లు అంటారు. తీగజాతి విత్తనాలకి అదే సరైన కొలత.

బెండ గింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున తేలినవి పారేసి, మునిగినవి పెట్టండి. వేలి మొదటి కణుపులో సగం లోతు చాలు. పన్నెండు అంగుళాల కుండీకి రెండు గింజలు పెట్టి, మొలిచాక బలంగా ఉన్నది ఒక్కటే ఉంచండి. నేలలో అయితే మొక్కకి మొక్కకి అడుగు దూరం. బెండ లోతు వేరు మొక్క, కుండీ వెడల్పు కన్నా లోతు ముఖ్యం. ఒకేసారి అన్నీ పెట్టకుండా పది రోజుల తేడాతో రెండు దఫాలుగా పెడితే ఇంట్లోకి రోజూ సరిపడా వస్తాయి. రకాల్లో అర్కా అనామిక ఇళ్లలో చాలాకాలంగా నమ్ముకున్నది.

గోరుచిక్కుడు ఎండకి జంకని పంట. నీళ్లు తక్కువైనా ఓర్చుకుంటుంది. నానబెట్టి నేరుగా విత్తేయండి. పూసా నవబహార్ రకం కొమ్మలు వేయకుండా నిటారుగా పెరుగుతుంది కాబట్టి కుండీలకి బాగుంటుంది.

కాకర గింజకి పెంకు గట్టి. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. గోరువెచ్చటి నీళ్లలో ఒక రోజు నానబెట్టి, తడి నూలుగుడ్డలో చుట్టి, మూతున్న డబ్బాలో వంటింట్లో వెచ్చటి చోట పెట్టండి. రోజూ విప్పి చూడండి. మూడో రోజో, ఐదో రోజో గింజ అంచు కొద్దిగా పగిలి, అందులోంచి బియ్యపు నూకంత తెల్లటి వేరు తొంగిచూస్తుంది. అది అర అంగుళం కాకముందే, చేత్తో కాకుండా చెంచాతో ఎత్తి, వేరు కిందికి ఉండేలా మట్టిలో పెట్టాలి. ఆ కొన విరిగిందంటే గింజ పోయినట్టే. ఇలా చేస్తే నాకు పది గింజల్లో ఎనిమిదైనా మొలుస్తున్నాయి. నేరుగా పెట్టినప్పుడు నాలుగు మొలిస్తే గొప్ప.

బీర, సొర, పొట్ల, దోస, గుమ్మడికి రాత్రంతా నానబెడితే సరిపోతుంది. ఇవేవీ నాటు మార్చడాన్ని ఇష్టపడవు. పెంచే చోటే విత్తండి. చోటు ఇంకా ఖాళీ కాకపోతే పేపరు కప్పుల్లో పెట్టి, మూడో ఆకు రాకముందే మట్టిగడ్డతో సహా దించండి. బీర, కాకరకి ఇరవై లీటర్ల పెయింట్ బకెట్టు, సొర, గుమ్మడికి సగం కోసిన డ్రమ్ము కావాలి. చిన్న కుండీలో సొర పెట్టి కాయలేదని బాధపడకండి. ఆ వేళ్లకి అక్కడ చోటు లేదు, అంతే. విత్తనాల్లో అర్కా సుమీత్ బీర, అర్కా హరిత్ కాకర, అర్కా బహార్ సొర మంచివి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ఈ రకాలు హైబ్రిడ్లు కావు కాబట్టి, ఏటా మన విత్తనం మనమే దాచుకోవచ్చు.

ఆకుకూరలు ఈ కాలంలో మనకి కొదవలేదు. తోటకూర, గోంగూర, బచ్చలి, గంగవాయల కూర అన్నీ ఎండని ఓర్చుకుంటాయి. తోటకూర విత్తనం సన్నం, అందుకే నాలుగింతల ఇసుకలో కలిపి చల్లండి. చీమలు ఎత్తుకుపోతుంటే గుప్పెడు బియ్యపు నూక కూడా కలపండి. చీమలు ముందు నూక మీద పడతాయి, ఈలోగా విత్తనం మొలుస్తుంది. బచ్చలికి విత్తనం కోసం వెతకనక్కర్లేదు. కూరకి తెచ్చిన కట్టలోంచి ముదురు కాడలు రెండు గుచ్చినా వేళ్లు వస్తాయి.

టమాటా సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పూత రాలిపోతుంది. హైదరాబాద్‌లో మార్చిలోనే ఆ ఎండ వచ్చేస్తుంది. జనవరిలో నాటినవి ఉంటే సాయంత్రపు నీడ పడే చోటికి జరిపి కాపాడుకోండి. ఫిబ్రవరి ఆఖర్లో కొత్తగా నారు కొని నాటడం డబ్బు దండగ. ఆ చోటు వంగకో బెండకో ఇవ్వండి.

దాచుకోవాల్సిన విత్తనం

చలికాలపు పంట తీసేటప్పుడే ఈ పని కూడా అయిపోవాలి. చిక్కుడు, బంతి, ముల్లంగి మొక్క మీదే ఎండనివ్వండి. వంకాయ పసుపు రంగుకి తిరిగి ముడతలు పడ్డాక కోయండి. టమాటా గింజల్ని రసంతో సహా గాజు గ్లాసులో రెండు రోజులు పులియబెట్టి, కడిగి, పింగాణీ పళ్లెంలో ఆరబెట్టాలి. కాగితం మీద పోస్తే అతుక్కుపోతాయి. అన్నీ నీడలో ఎండాక కాస్త బూడిద కలిపి సీసాల్లో పెట్టి, పేరు, నెల రాసి అంటించండి. మా అమ్మ పాత చీర చెంగుల్లో మూటలు కట్టి అటక మీద పెట్టేది, ఏ మూటలో ఏముందో చేత్తో తడిమి చెప్పేది.

పందిరి

గింజ పెట్టిన రోజే పందిరి కూడా కట్టేయాలి. తీగ రెండడుగులు పెరిగాక కట్టబోతే నులితీగలు తెగిపోతాయి, వేళ్లు కదులుతాయి. మిద్దె మీద వెదురు బొంగులు నాలుగు, ప్లాస్టిక్ తాడు వల ఒకటి సరిపోతుంది. తలకి తగలనంత ఎత్తులో, పడమటి వైపు వచ్చేలా కట్టుకుంటే మరో లాభం ఉంది. తీగ అల్లుకున్నాక దాని నీడలో ఆకుకూరల ట్రేలు పెట్టుకోవచ్చు.

బీర, సొర తీగ పందిరి ఎక్కేదాకా పక్క కొమ్మలు తీసేయండి. పైకి చేరాక కొన గిల్లేస్తే పక్క కొమ్మలు బాగా వస్తాయి, వాటి కొనలు కూడా గిల్లితే వచ్చే మూడో తరం కొమ్మల మీద ఆడపూలు ఎక్కువ. ఈ మధ్య అందరూ చెప్పే త్రీజీ కటింగ్ ఇదే. పెద్ద డ్రమ్ములో ఉన్న పాదుకి అది పనిచేస్తుంది. చిన్న బకెట్లో ఉన్నదానికి చేస్తే అన్ని కొమ్మల్ని పోషించలేక మొక్క నీరసిస్తుంది.

సాయంత్రం ఐదున్నరకి బీరపువ్వు

"పూలు బోలెడు పూస్తున్నాయి, ఒక్క పిందె నిలవట్లేదండీ" అని నన్ను అడిగినంతమంది ఇంకే సంగతీ అడగలేదు. జవాబు చాలాసార్లు ఒక్కటే. మీరు పొద్దున వెళ్తున్నారు, బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రం.

మొదట వారం, పది రోజులు అన్నీ మగపూలే వస్తాయి. కంగారు పడొద్దు. తర్వాత ఆడపూలు మొదలవుతాయి. పువ్వు కింద చిటికెన వేలంత చిన్న బీరకాయ, గీతలతో సహా ఉంటే అది ఆడపువ్వు. కేవలం కాడ ఉంటే మగది. పల్లెలో అయితే సాయంత్రం తిరిగే పురుగులు ఈ పని చేసేస్తాయి. ఊరి మధ్యలో, మూడో అంతస్తు మిద్దె మీదికి అవి ఎన్ని వస్తాయి? మనమే చేయాలి.

ఐదున్నర, ఆరు మధ్య పందిరి కింద నిలబడండి. అప్పటిదాకా ముడుచుకున్న పసుపు రేకులు నెమ్మదిగా విచ్చుకుంటాయి. మగపువ్వుని కోసి, రేకులు వెనక్కి తుంచేసి, మధ్యలోని పుప్పొడి వేలికి పసుపుగా అంటుకుంటోందో లేదో చూడండి. అంటుకుంటే సిద్ధమైనట్టు. దాన్ని ఆడపువ్వు మధ్యలో ఉన్న జిగురు కొసలకి మెత్తగా రాయండి. ఒక మగపువ్వుతో రెండు ఆడపూలకి రాయొచ్చు. గుర్తుకి ఆ కాడకి ఒక దారం కట్టండి. నాలుగో రోజుకి పిందె తల కిందికి వంచి, కాస్త లావెక్కి, నిగనిగలాడుతుంటే నిలిచినట్టే. పసుపు తిరిగితే పోయినట్టు.

సొర, పొట్లపూలు కూడా సాయంత్రానివే, చీకటి పడుతుండగా విచ్చుకుంటాయి. కాకర, దోస, గుమ్మడి మాత్రం తెల్లవారుజామున విచ్చుకుంటాయి. వాటికి ఎనిమిదిలోపే రాయాలి, ఎండెక్కాక పుప్పొడి పనికిరాదు. నిలిచిన పిందెకి వెంటనే పాత నూలుగుడ్డ సంచో, పేపరు సంచో తొడగండి. లేకపోతే పండుఈగ వచ్చి గుడ్లు పెట్టేస్తుంది. కాయ వంకర తిరిగి, లోపల పురుగులు పడతాయి. కాయ కొలత చూసుకుని సంచి పెద్దది మార్చుకుంటే చాలు, మందు అవసరం రాదు.

మల్లె

కూరగాయలు ఎన్ని కాసినా, ఎండాకాలపు సాయంత్రం ఒక మల్లెచెట్టు లేని ఇల్లు నాకు ఖాళీగా అనిపిస్తుంది. మల్లెకి అసలు కత్తిరింపు డిసెంబరు, జనవరి నెలల్లోనే అయిపోవాలి. చేయనివాళ్లు ఫిబ్రవరి మొదటి వారంలోపు చేసేయండి. ఇంకా ఆలస్యమైతే తొలి విడత పూలు పోతాయి.

ముందు పది రోజులు నీళ్లు ఆపండి. ఆకులు కాస్త వాడతాయి, భయపడొద్దు. తర్వాత పదునైన కత్తెరతో నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉంచి మొత్తం కత్తిరించండి. ఎండు పుల్లలు, ఒకదానిమీద ఒకటి పడ్డ కొమ్మలు మొదటికంటా తీసేయండి. మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేయండి. ఇది చేయడానికి మనసు ఒప్పదు, కానీ మొగ్గ వచ్చేది కొత్త చిగురు చివరే. పాత ఆకు ఉన్నంతకాలం చెట్టు బద్ధకంగా ఉంటుంది. మొదలు చుట్టూ మూడంగుళాల లోతు గుల్ల చేసి, నేలలో ఉన్న చెట్టుకి రెండు, మూడు కిలోల ఎరువు, రెండు గుప్పెళ్లు వేపపిండి వేసి నిండా నీళ్లు పెట్టండి. కుండీకి ఇందులో నాలుగో వంతు చాలు.

మూడు, నాలుగు వారాల్లో ఎర్రటి లేత చిగుళ్లు, వాటి చివర మూడేసి మొగ్గలు. మొగ్గ ఊదారంగుకి తిరిగి, పక్కన సన్న చిల్లు ఉంటే మొగ్గ తొలిచే పురుగు పడినట్టు. అలాంటివి ఏరి సబ్బు నీళ్లలో వేసేయండి. ఒక విడత పూలయ్యాక ప్రతి కొమ్మ చివర రెండు కణుపులు తుంచండి, మళ్లీ చిగురు, మళ్లీ మొగ్గ. జడలోకి కావాలంటే సాయంత్రం నాలుగింటికే, మొగ్గ పూర్తిగా తెల్లబడి ఇంకా విచ్చుకోకముందు కోయాలి. కట్టిన మాల చీకటిపడ్డాక తలలోనే విచ్చుకుంటుంది.

మల్లెకి రోజూ ఆరు గంటల ఎండ తప్పనిసరి. నీడలో ఉన్న మల్లె ఆకుల పొదగానే మిగులుతుంది.

మిగతా పూలు

గులాబీకి ఇప్పుడు పెద్ద కత్తిరింపు వద్దు. ఎండిన కొమ్మని లోపలి గుజ్జు తెల్లగా కనిపించేదాకా కోసి, కోసిన చోట పసుపు ముద్ద రాయండి. మందారానికి పిండినల్లి వస్తే చిగుళ్లు ముద్దకట్టిపోతాయి. ఆ కొసలు తుంచి కవరులో కట్టి పారేయండి. చీమల బారు ఎక్కుతోందేమో చూడండి, పిండినల్లిని మోసుకొచ్చేవి అవే. చామంతి పూలయ్యాక నాలుగంగుళాలు ఉంచి కోసి, సగం పూట నీడ ఉన్న చోట పెట్టండి. మొదట్లో వచ్చే పిలకల్ని వేసవంతా బతికించుకుంటే వచ్చే ఏడాదికి అవే నారు. ఎండలో రంగు కావాలంటే నాచుపూలు, జీనియా. నాచుపూల కాడ తుంచి గుచ్చితే చాలు.

కరివేపాకు చెట్టుకి ఆకులు దూయకుండా కొమ్మనే తుంచండి, పక్కనుంచి రెండు చిగుళ్లు వస్తాయి.

నీళ్లు, కప్పు

మిద్దె మీద వదిలేసిన పైపులో నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగుతాయి. సాయంత్రం వచ్చి ఆ పైపు నేరుగా మొలకల మీద పెడితే అవి అక్కడికక్కడే ఉడికిపోతాయి. ముందు నీళ్లు బకెట్లోకి వదిలి, చేతికి చల్లగా తగిలాకే మొక్కలకి మళ్లించండి.

రోజూ పొద్దున ఏడున్నరలోపు పోయడం మంచిది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి, తడి తగిలితే ఆ రోజుకి వద్దు. పోసినప్పుడు మాత్రం కుండీ అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు కూడా పైపైనే తిరుగుతాయి. ఏప్రిల్‌లో ముందు ఎండేది ఆ పై పొరే.

సరిగ్గా ఈ రోజుల్లోనే వేప, రావి, కానుగ ఆకు రాలుస్తాయి. వీధిలో ఊడ్చి తగలబెట్టే ఆ ఆకే మనకి బంగారం. కుండీ మట్టి మీద మూడంగుళాల మందాన పరచండి, మొక్క మొదలుకి తగలకుండా రెండంగుళాలు ఖాళీ వదలండి. ఎండుటాకు దొరకకపోతే చెరకురసం బండి దగ్గర పిప్పి అడగండి. దాన్ని రెండు రోజులు ఎండబెట్టాకే వాడాలి, తియ్యదనం ఉంటే చీమలు పడతాయి.

పురుగులు

దోస, గుమ్మడి మొలకల రెండాకులు జల్లెడలా చిల్లులు పడితే గుమ్మడి పెంకుపురుగు. నారింజ ఎరుపు రంగులో ఉంటుంది. తెల్లవారుజామున మందకొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడే చేత్తో ఏరి, ఆకుల మీద బూడిద చల్లండి. బెండ ఆకుల ఈనెలు పసుపు వలలా మారితే అది పల్లాకు తెగులు. మందు లేదు, తెల్లదోమ ద్వారా పక్కదానికి పాకుతుంది. ఆ మొక్కని అదే రోజు తీసేయండి. మార్చి ఆఖరు నుంచి ఆకుల అడుగున ఎర్రనల్లి, సన్నటి గూడు కనిపిస్తే, పొద్దున పూట ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టడమే సగం వైద్యం.

మిగతా రసం పీల్చేవాటికి వేపనూనె. లీటరు గోరువెచ్చటి నీళ్లలో ముందు ఐదారు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, తర్వాత ఐదు మిల్లీలీటర్ల నూనె పోసి, పాలలా తెల్లబడేదాకా గిలకొట్టండి. నూనె తేలుతుంటే కలవలేదన్నట్టు, ఆకులు మాడతాయి. ఎప్పుడూ ఎండ వాలాకే, ఆకు అడుగున తడిసేలా కొట్టండి. పూలు విచ్చుకునే వేళ కొట్టకండి.

నీడ

ఉగాది దగ్గరపడేసరికి వేప పూతకొస్తుంది, మొదటి దఫా బెండ కాపుకొస్తుంది. బెండని రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒక్క కాయ ముదిరినా మొక్క కొత్త పూతకి తీరిక చేసుకోదు. కొసని వేలితో వంచితే టక్కున విరగాలి, అది కోతకి లేతదనం కొలత.

యాభై శాతం షేడ్ నెట్ కట్టడానికి కూడా ఇదే సమయం. ఆకుకూరలు, చామంతి పిలకలు, కొత్త నారు ఉన్నచోటనే కట్టండి. బెండ, గోరుచిక్కుడు, మల్లె బయటే ఉండనివ్వండి. నెట్‌ని మొక్కలకి కనీసం మూడడుగుల పైన, పడమర వైపు కాస్త కిందికి దిగేలా బిగించండి, మనల్ని కాల్చేది మధ్యాహ్నం మూడింటి పడమటి ఎండ. పక్కలు తెరిచి ఉంచితే గాలి ఆడుతుంది. దాని కిందే ఒక మట్టిమూకుడులో నీళ్లు పెడితే పిచ్చుకలు, పిగిలిపిట్టలు వచ్చి తాగి, నాలుగు పురుగులు కూడా ఏరుకుపోతాయి. మూకుడు నీళ్లు రోజూ మార్చండి, దోమలు పెట్టకుండా. నెట్‌ని మృగశిర కార్తె దాకా ఉంచి, తొలకరి పడిన మర్నాడు విప్పి, కడిగి, మడతపెట్టి దాచుకోండి.